చేప తోడు

చచ్చిన చేపను ముక్కు దగ్గర పెట్టుకుని యూసుఫ్ సాబ్ వాసన చూశాడు. చూసి గట్టు మీద పెట్టాడు.

"ఏమి సాబ్, కూరకు పనికొస్తాదా?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవేంద్రప్ప, జీపుకు ఆనుకుని. పక్కనున్న కానిస్టేబుళ్ళు నవ్వారు.

"వండిస్తా. నువ్వు తింటావా?"

నవ్వు ఆగిపోయింది.

యూసుఫ్ సాబ్ ఇప్పుడు ఆదోనిలో ప్రైవేటు డిటెక్టివు. అంతకు ముందు పోలీసు నౌకరీ చేసి ఎస్సైగా దిగిపోయిన మనిషి. దేవేంద్రప్ప కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు సాక్షిని ఎట్లా కూర్చోబెట్టాలో, ఎక్కడ మాట్లాడించాలో, ఎక్కడ ఊరకే ఉండాలో నేర్పింది ఆయనే. ఇప్పుడు శిష్యుడు పెద్ద ఆఫీసరు. గురువుకు టోపీ లేదు, లాఠీ లేదు. ఉన్నది ముక్కు ఒక్కటే.

వాళ్ళు నిలబడింది ఎమ్మిగనూరుకు కూతవేటు దూరంలో, కాలవ పక్కన. ఇటుకల కోసం మన్ను తవ్వగా మిగిలిన గుంతలు మూడు అక్కడ ఉన్నాయి. మీది గుంత, నడిమి గుంత, కింది గుంత. వాటిలో లక్ష్మక్క చేపలు పెంచుకుని బతుకుతోంది. ఈ పొద్దున నడిమి గుంతలో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. నీళ్ళ మీద తెల్లటి కడుపులు తప్ప ఇంకేమీ కనపడలేదు.

సాయంత్రం లోపల మూడు గుంతల్లోనూ బ్లీచింగు పొడి చల్లాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. విషం తిన్న చేప సంతకు పోకూడదని. పొడి పడితే మిగతా రెండు గుంతల్లో ఒక్క చేప మిగలదు. లక్ష్మక్కను స్టేషనుకు తీసుకుపోవడానికి జీపు రెడీగా ఉంది. పొడి మూటలు గట్టు మీద దిగిపోయాయి.

"చాచా," అంది ఆయనతో వచ్చిన మహమూదా మెల్లగా. "చేపలే కాదు. కుండ కూడా పోయింది."

ఆ కుండ సంగతి తెలియకుండా ఈ కేసు అర్థం కాదు. రెండేళ్ళ కిందట ఈ గుంతల్లో ఎర్రపుండ్ల రోగం వచ్చింది. కంపెనీ వాళ్ళు అమ్మే పసుపు పొడి వేస్తే మొదట తగ్గింది. తర్వాత రోగమే ఆ పొడికి అలవాటు పడింది. కింది గుంతలో మాత్రం కొన్ని చేపలు ఏ మందూ లేకుండా పుండు అనేది ఎరగకుండా తిరిగాయి. మహమూదా ఆదోని పిల్ల, చేపల చదువు చదివి వచ్చింది. ఆ బతికిన చేపల్ని కోసి, పేగుల్లో ఏముందని చూసింది. అక్కడ మంచి బాక్టీరియా దొరికింది. అది పేగు నిండా కాపురం పెడితే రోగం తెచ్చే బాక్టీరియాకు చోటు దొరకదు. దాన్ని తవుడు, బెల్లం కలిపిన నీళ్ళలో పెంచి, ఆ నీళ్ళలో వేరుశనగ చెక్క నానబెట్టి చేపలకు వేయించింది. నెల తిరక్కుండా పుండ్లు మానాయి.

లక్ష్మక్కకు బాక్టీరియా అన్న మాట నోరు తిరగలేదు. ఒక కుండలోంచి గరిటెడు తీసి కొత్త కుండలో వేస్తే అదీ పులిసి పొంగుతుంది కాబట్టి, ఆమె దానికి చేప తోడు అని పేరు పెట్టింది. మహమూదా కూడా అట్లాగే అనడం మొదలుపెట్టింది.

పోయిన వారం ఆదోనిలో మహమూదా పనిచేసుకునే గదికి ఎవరో నిప్పు పెట్టారు. గాజు గొట్టాల్లో దాచుకున్న తోడంతా కాలిపోయింది. అందుకే ఆమె యూసుఫ్ సాబ్ దగ్గరికి వచ్చింది. మిగిలింది లక్ష్మక్క ఇంటి వెనక ఉన్న పెద్ద కుండ ఒక్కటే అనుకున్నారు. ఈ పొద్దున ఆ కుండ మూత తీస్తే గుప్పున ఎండ్రిన్ వాసన. పత్తికి కొట్టే పురుగుమందు.

"ఇంగేం మిగిలింది సాబ్?" అన్నాడు దేవేంద్రప్ప. "పురుగుమందు డబ్బా కడిగిన నీళ్ళతోనో దేంతోనో ఆ యమ్మ తోడు కలిపింది. ఆ చెక్క గుంతలో వేసింది. చేపలు సచ్చినాయి. మీ చదువుకున్న పిల్ల ఏందో క్రిములు అంటాది. జనం అవి తిన్న చేపను తినల్లంట."

"లక్ష్మక్కతో మాట్లాడొచ్చునా?"

"అడుగు. నేనేమన్నా వద్దంటినా?"

లక్ష్మక్క గట్టు మీద చతికిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి అయిపోయింది. యూసుఫ్ సాబ్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, పొద్దన గుంత కాడికి యా వేళకు వచ్చినావు?"

"పొద్దు ఇంగా పైకి రాలేదు సామి. పాలు పిండి వచ్చినా."

"గంపలో ఏముండె?"

"బుడ్డల చెక్క. రేత్రే తోడులో నానబెట్టినా. లోపల ఇంట్లో, చిన్న కుండలో."

"పెద్ద కుండ మూత మళ్ళా తీసినావా?"

"లేదు సామి. నిన్న మధ్యాహ్నం తీసిందే."

"చెక్క గుంతలో వేసినావా?"

"యాడ వేసేది? నీళ్ళ మీద తెల్లగా కనపడె. గాలికి పత్తి ఎగిరొచ్చి పడిందేమో అనుకుంటి. దగ్గరికి పోతే కడుపులు. కాలు జారి గంప నీళ్ళలో పడిపాయ."

"ఇన్నావు కదా," అన్నాడు దేవేంద్రప్ప. "గంప నీళ్ళలో పడిందంట. అదీ సంగతి."

"ముందు పడింది గంపనా? ముందు సచ్చింది చేపలా?"

"అది ఆ చేపల్నే అడుగు."

"అట్లే కానీ," అన్నాడు యూసుఫ్ సాబ్. లేచి మహమూదా వైపు తిరిగాడు. "బేటీ, ఒకదాన్ని కొయ్యి. కడుపులో ఏముందో చూద్దాం."

మహమూదా సంచీలోంచి చిన్న కత్తి తీసింది. బొచ్చె చేపను కాదని, అడుగున మేసే మోసు చేపను ఏరి తీసుకుంది. నీళ్ళలో మునిగిన చెక్కను అన్నిటికంటే ముందు తినేది అదే. కడుపు చీలిస్తే పేగు చుట్టలు చుట్టలుగా బయటికొచ్చింది. వేళ్ళతో ఒత్తుకుంటూ వచ్చి లోపలిదంతా ఒక ఆకు మీద పెట్టింది. పచ్చగా పాచి. బురద. అంతే.

"చెక్క పలుకు ఒక్కటి కూడా లేదు," అంది. ఇంకొకటి కోసింది. గుంతకు ఆ పక్కనుంచి తెప్పించి మరొకటి కోసింది. ఎందులో చూసినా పాచే. "గంప పడేసరికి ఇవి తినే స్థితిలో లేవు చాచా. చచ్చిపోయి ఉన్నాయి."

దేవేంద్రప్ప వంగి చూశాడు. చూశాక నిటారుగా నిలబడ్డాడు. తేలిగ్గా ఒప్పుకునే మనిషయితే అతను ఆ ఉద్యోగంలో అంత పైకి వచ్చేవాడు కాదు.

"తినాల్సిన పని లేదు కదా సాబ్. చెక్కలో విషం ఉండాది. నీళ్ళలో పడింది. విషం నీళ్ళలో కలిసింది. ఆ నీళ్ళు తాగి సచ్చినాయి. నోటి కాడికి రాకముందే సచ్చినాయి."

"సెబాష్," అన్నాడు యూసుఫ్ సాబ్. నిజంగానే అన్నాడు. "ఒక్క రుజువుతో కేసు మూయొద్దని నీకు సెప్పింది నేనే. ఇంకొకటి చూద్దాం రా."

కాలవ నుంచి ఒక్కో గుంతకు ఒక్కో సిమెంటు గొట్టం ఉంది. నీళ్ళు దానిలోంచి వచ్చి గుంతలో పడతాయి. ప్రతి గొట్టం మూతికీ ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన పలచటి గుడ్డ రెండు మడతలుగా కట్టి ఉంటుంది. కాలవలోంచి కొర్రమీను పిల్లలు వచ్చి లోపలి పిల్లచేపల్ని మింగకుండా. ఈ చుట్టుపక్కల గుంతలు ఉన్నవాళ్ళందరూ అట్లాగే కడతారు.

యూసుఫ్ సాబ్ మీది గుంత గొట్టం దగ్గరికి పోయి గుడ్డను వాసన చూశాడు. బురద. కింది గుంతకు పోయాడు. బురద. నడిమి గుంత గొట్టం దగ్గర ముఖం ఇంకా జానెడు దూరంలో ఉండగానే దగ్గు వచ్చింది. కండువాతో ముక్కు మూసుకుని, దేవేంద్రప్పకు చోటిచ్చి పక్కకు జరిగాడు.

"నువ్వూ చూడు."

దేవేంద్రప్ప చూశాడు. గుడ్డ జిడ్డుగా ఉంది. ఒక పక్క పసుపు మరక. ఎండ్రిన్.

"ఈ గొట్టం గుంత నీళ్ళకు ఎంత పైన ఉండాది?"

"మూరెడు."

"గంపలో విషం మూరెడు ఎత్తు ఎగిరి గొట్టంలోకి యట్ల ఎక్కింది ఇన్‌స్పెక్టరూ?"

పోలీసువాళ్ళు పొద్దున్నుంచీ కుండ చుట్టూ, గంప చుట్టూ తిరిగారు. గొట్టం వైపు ఎవరూ చూడలేదు. దేవేంద్రప్ప కానిస్టేబుల్‌ను పిలిచి గుడ్డ విప్పి భద్రం చెయ్యమన్నాడు.

"సరే. ఎవడో కాలవ పక్కనుంచి పోసినాడు. ఒప్పుకుంటా. మరి కుండలోకి ఎండ్రిన్ యట్ల వచ్చింది? దానికి నా దగ్గర సాక్షి ఉన్నాడు. నిన్ననే ఆ కుండలో విషం ఉండాదని సెప్తాడు. పిలవమంటావా?"

"పిలువు."

సాక్షి పేరు సుబ్బన్న. పసుపు పొడి అమ్మే కంపెనీ మనిషి. పుట్టింది కోడుమూరు దగ్గరే అయినా నాలుగు పట్నాలు తిరిగి మాట మార్చుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కాన్వాసు సంచీ. లక్ష్మక్క గుంతల్లో తోడు పడినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల అతని పొడి డబ్బాలు ఎవరూ విప్పడం లేదు. ఆ సంగతి అతనే ముందుగా చెప్పాడు, దాచుకోవాల్సింది ఏమీ లేనట్టు.

"వ్యాపారం వ్యాపారమే, నిజం నిజమేనండి," అన్నాడు. "ఇదేమిటో చూద్దామని నిన్న సాయంత్రం వీళ్ళింటికి వెళ్ళాను. ఒక సీసా పొయ్యమన్నాను. పోసింది. లాడ్జిలో తొట్టెలో చేపపిల్లల్ని ఉంచుకున్నాను. రెండు చుక్కలు వేశానో లేదో తలకిందులయ్యాయి. ఇదిగోండి సీసా."

సీసా మూత తీస్తే ఎండ్రిన్ వాసనే.

"అబద్ధం సామి," అంది లక్ష్మక్క. "ఈయప్ప మా గడప తొక్కలేదు."

"నువ్వు ఊరకుండక్కా," అన్నాడు యూసుఫ్ సాబ్. తర్వాత సుబ్బన్నతో, "సాయంత్రం అంటే ఎండ ఉండగానా?"

"లేదండి. బాగా చీకటి పడింది. ఇంట్లో దీపం పెట్టేశారు. ఆవిడ లాంతరు పట్టుకుని పెరట్లోకి వచ్చింది."

"లాంతరు చూసినావా?"

"చూడకేమండి. గాజు ఒక పక్క మసిబారి ఉంది. ఆ వెలుతురులోనే కుండ మూత తీసి, గరిటెతో నా సీసాలో పోసింది. నేనేమీ కళ్ళు మూసుకుని వెళ్ళలేదు."

"అడగంగానే పోసిందా? ఏమీ అనలేదా?"

"ఏమంటుందండి? నవ్వుతూ పోసింది."

లక్ష్మక్క నోరు తెరిచింది. యూసుఫ్ సాబ్ ఆమె వైపు ఒక్కసారి చూశాడు. ఆమె నోరు మూసుకుంది. ఏదో అర్థమైనట్టు, అంతవరకూ వంగిపోయి ఉన్న మనిషి కొంచెం నిటారుగా కూర్చుంది.

యూసుఫ్ సాబ్ సుబ్బన్న పక్కనుంచి నడుస్తూ ఆగాడు. కాన్వాసు సంచీ అడుగు తడిగా ఉంది. ఎండ్రిన్ వాసన కాదు. పులుపు. బెల్లం పులిసిన వాసన, తవుడు పులిసిన వాసన. బతికి ఉన్న తోడు వాసన. ఆయన తల తిప్పుకుని గుంతల వైపు చూస్తూ అడిగాడు.

"అక్కా, తోడు నీ ఒక్కదాని కుండలోనే ఉందా? ఇంగ యాడా లేదా?"

"ఎందుకు లేదు సామి. పెద్దకడుబూరులో మా సర్దార్‌బీకి ఇచ్చింటి. ఇంటెనక తొట్లో కొర్రమీన్లు సాకుతాది ఆ యమ్మ."

"ఎప్పుడిచ్చినావు?"

"పోయిన నెల. నా చేతుల మీద నేనే ఇచ్చినా."

"అయితే ఇంగేం," అన్నాడు యూసుఫ్ సాబ్, అందరికీ వినపడేటట్టు. "రేపు పొద్దన ఆ తోడు తెప్పిద్దాం. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కింది గుంత చేపలకు వేద్దాం. బతికితే కేసు లేదు, చస్తే లక్ష్మక్కను నేనే జీపెక్కిస్తా."

దేవేంద్రప్ప ఏదో అనబోయి గురువు ముఖం చూశాడు. ఆ ముఖం అతనికి పాత పరిచయం. సాక్షి ముందు నువ్వు మాట్లాడొద్దు అని చెప్పే ముఖం.

"రేపు పొద్దన దాకా," అన్నాడు చివరికి. "అంతే. ఆ పైన నా చేతుల్లో ఉండదు. పొడి మూటలు ఈడనే ఉంటాయి."

సుబ్బన్న చేతి గడియారం చూసుకున్నాడు. తనకు ఎమ్మిగనూరులో పని ఉందని, కావాలంటే రేపు మళ్ళీ వస్తానని చెప్పి రోడ్డు వైపు నడిచాడు. అతను చెట్ల చాటుకు పోయేవరకు ఎవరూ కదలలేదు.

"సాబ్, నా సాక్షిని యాల పోనిచ్చినావు?" అన్నాడు దేవేంద్రప్ప. గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు, కోపం ఉంది.

"దేవేంద్రప్పా, మీ అమ్మ దీపం ముట్టించినంక ఎవరికన్నా పెరుగు తోడు పోసిందా?"

"ఏమి?"

"సెప్పు. పోసిందా?"

దేవేంద్రప్ప ఆ ప్రశ్నకు సిద్ధంగా లేడు. "మా చిన్నమ్మ గోడ అవతలే ఉండె. ఒకసారి పొద్దుగూకినంక అడిగితే మా అమ్మ ఇయ్యలేదు. దీపం పెట్టినంక తోడు గడప దాటితే ఇంట్లో పాడి పోతాదని. దాని మీద ఇద్దరూ ఏడాది మాట్లాడుకోలేదు." చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. లక్ష్మక్క వైపు తిరిగాడు. "అది పాల తోడు కదా. ఇది చేపలది."

"తోడు తోడే కదా సామి," అంది లక్ష్మక్క. "పాలదైతే ఒకటి, చేపదైతే ఒకటి ఉంటాదా? మా ఈదిలో నన్నడిగి పెరుగు తోడు తీసకపోయినోళ్ళందరూ పగలే తీసకపోయినారు. దీపమైనంక దేవుడొచ్చి అడిగినా ఇయ్యను."

"వాని లెక్కకు అది మందు," అన్నాడు యూసుఫ్ సాబ్. "మందు ఎప్పుడన్నా పోస్తారు. లాంతరు కూడా కలిపితే అబద్ధానికి బలం వస్తాదనుకున్నాడు. లాంతరు చూసినాడులే, గోడ అవతల నుంచి. లక్ష్మక్క ఇంట్లోకి పోయినంక పెరట్లోకి దూరినాడు. ముందు ఒక సీసా మంచి తోడు తీసుకున్నాడు. అది వాని సంచీలో పగిలింది. పులిసేదాన్ని మూత బిగించి ఎండలో తిప్పితే పగలక ఏమైతాది? తీసుకున్నాక కుండలో ఎండ్రిన్ పోసినాడు, ఆ విషపు నీళ్ళు ఇంకో సీసాలో పట్టుకున్నాడు, నీకు చూపించేకి. మిగిలిందంతా గొట్టంలో పోసినాడు."

"సంచీ ఇప్పుడే పట్టుకోకపోతిమా?"

"పులుపు వాసన పట్టుకుని కోర్టుకు పోతావా? యాడనో కొన్నాననో ఆ యమ్మే పోసిందనో అంటాడు."

"దీపం మాట కూడా కోర్టులో నిలవదు సాబ్."

"నిలవదు. అందుకే వాణ్ణి ఇంకోసారి అడగనిద్దాం. జీపు తీయించు. బస్సు కంటే ముందు పోవల్ల."

ఆ తొందర అవసరం లేకపోయింది. శ్రావణ మాసం. ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు పోయే జనంతో బస్సులు కిక్కిరిసి ఉన్నాయి. టాపు మీద కూడా చోటు లేదు. సుబ్బన్న ఎక్కిన బస్సు ఎక్కడెక్కడ ఆగిందో గాని, జీపు పెద్దకడుబూరు చేరి, ఊరి బయట ఒక పత్తి కొట్టం వెనక నిలబడి, మనుషులు నడుచుకుంటూ సర్దార్‌బీ ఇంటికి చేరిన చాలాసేపటి దాకా అతను రాలేదు.

సర్దార్‌బీ పొట్టి మనిషి, మాట మాత్రం పొడుగు. యూసుఫ్ సాబ్ ఆమెకు ఒక్కటే చెప్పాడు. "ఎవరన్నా వచ్చి తోడడిగితే నీకు యట్ల అలవాటో అట్లే చెయ్యి. కొత్తగా ఏం చెయ్యొద్దు."

"కొత్తగా చేసే వయసా అన్నా నాది?" అంది ఆమె.

ఇంటి వెనక పంచలో చేప తోడు కుండ ఉంది. దాని పక్కనే సిమెంటు తొట్టె. మహమూదా కుండ మూత తీసి చెవి పెట్టి విన్నది. సన్నగా బుడబుడ. ఆమె కళ్ళు తుడుచుకోవడం యూసుఫ్ సాబ్ చూసి, చూడనట్టు పక్కకు తిరిగాడు. ముగ్గురూ కట్టెల మోపు వెనక కూర్చున్నారు.

సర్దార్‌బీ లాంతరు ముట్టించి వాకిట్లో తగిలించింది. అప్పుడు వినపడింది చెప్పుల చప్పుడు.

"అమ్మా, సర్దార్‌బీ గారిల్లు ఇదేనా? లక్ష్మక్క పంపిందండి. చేప తోడు కొంచెం తీసుకుని రమ్మంది."

"దీపం ముట్టించినాం కదప్పా," అంది సర్దార్‌బీ. "రేపు పొద్దన రా."

కట్టెల సందులోంచి యూసుఫ్ సాబ్‌కు సుబ్బన్న ముఖం కనిపించింది. ముందు అర్థం కాలేదు అతనికి. తర్వాత అర్థమైంది. నిన్న లక్ష్మక్క లాంతరు పట్టుకుని నవ్వుతూ పోసిందని తను చెప్పిన మాట, ఆ మాట విని ముసలాయన ఇంకేమీ అడగకుండా ఊరుకోవడం, రెండూ అతనికి ఒకేసారి గుర్తుకొచ్చినట్టున్నాయి. అయినా ఇంత దూరం వచ్చిన మనిషి వెనక్కు పోడు.

"తాగడానికి నీళ్ళన్నా ఇస్తారా?"

"నీళ్ళకేముంది. కూర్చో, తెస్తా."

ఆమె లోపలికి పోగానే సుబ్బన్న గబగబా పంచలోకి వచ్చాడు. కుండ మూత తీశాడు. సంచీలోంచి ముందు ఖాళీ సీసా తీసి తోడులో ముంచాడు. నిండాక దానిని పక్కన పెట్టి ఒక రేకు డబ్బా తీశాడు. మూత తిప్పబోయిన చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

"పొయ్యొద్దు నాయనా," అన్నాడు యూసుఫ్ సాబ్. "తొట్లో కొర్రమీన్లు ఉండాయి. వాటి జోలికి నువ్వు పోతే సర్దార్‌బీ నిన్ను పోలీసులకు కూడా మిగల్చదు."

దేవేంద్రప్ప డబ్బా లాక్కున్నాడు. ఎండ్రిన్. సంచీ బోర్లిస్తే పగిలిన సీసా పెంకులు, తవుడు అంటుకున్న గుడ్డ పడ్డాయి. సుబ్బన్న కాళ్ళు మడుచుకుని కూలబడ్డాడు. పట్నాల మాట పోయి కోడుమూరు మాట బయటికొచ్చింది.

"నాకేం తెల్దు సామీ. నాకు సెప్పింది నేను సేసినా."

"ఏం సెప్పినారు?" అన్నాడు దేవేంద్రప్ప.

"ఒక్క సీసా తెమ్మన్నారు. తెచ్చినంక యాడా ఇంగ లేకుండా సెయ్యమన్నారు."

మహమూదా ముందుకు వచ్చింది. "మీ పొడి అమ్ముకోవడానికి దీన్ని చంపుతున్నారనుకున్నాను. సీసా ఎందుకు మరి?"

"పొడి ఇంగ ఎన్ని దినాలమ్మా? రోగం దాన్ని లెక్క సెయ్యడం లేదు. మా మేనేజరుకు తెల్సు. ఇంగ ముందర అమ్మేది ఇదే. అయితే ఒక్కరి కాడనే ఉండల్ల. అందరి కాడా ఉంటే ఎవురు కొంటారు?"

తొట్టెలో కొర్రమీను ఒకటి ఎగిరి పడింది. నీళ్ళు చింది దేవేంద్రప్ప బూట్ల మీద పడ్డాయి.

"ఆదోనిలో గదికి నిప్పు పెట్టింది నువ్వేనా?" అన్నాడు యూసుఫ్ సాబ్.

"నేను కాదు సామీ. ఆ మనిషి వేరే. నాకు పేరు కూడా తెల్దు. రేపు మధ్యాహ్నం రైలు దిగుతాడంట. ఆదోని స్టేషన్‌లో సీసా వాని చేతికియ్యల్ల."

యూసుఫ్ సాబ్, దేవేంద్రప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది.

"సీసా ఇద్దాం," అన్నాడు యూసుఫ్ సాబ్.

"గంజి నీళ్ళు పోసి," అన్నాడు దేవేంద్రప్ప. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "బ్లీచింగు పొడి ఆర్డరు రద్దు చేయిస్తా. లక్ష్మక్క మీద కేసు లేదు." అంతవరకూ అధికారిగా అన్నాడు. ఆ తర్వాతి మాట మహమూదాతో, కొంచెం తగ్గి అన్నాడు. "ఇంగ మీ తోడు మిగిలింది ఈ ఒక్క కుండలోనే కదమ్మా. ఆ రైలు దిగేవాడు దొరికే దాకా దీనికి ఇద్దరు కానిస్టేబుళ్ళను కాపలా పెడతా."

నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చి, అంతా వింటూ గడపలో నిలబడి ఉన్న సర్దార్‌బీ నవ్వింది.

"ఒక్క కుండ అని నీకెవరు సెప్పినారప్పా?"

"లక్ష్మక్క నీకే ఇచ్చినా అనె కదా."

"ఆ యమ్మ నాకిచ్చింది. నేను ఊరకున్నానా? కోడుమూరులో మా ఆడబిడ్డకిచ్చినా. కాలవ కింద గుంతలున్నోళ్ళు నలుగురు తీసకపోయినారు. మొన్న ఈరన్న సామికి పోతా పోతా ఒక యమ్మ ఈడ నీళ్ళు తాగి, తొట్టి చూసి, ముంతలో పోయించుకుని పాయ. వాళ్ళు ఇంగెవరికిచ్చినారో."

"ఎంతమందికిచ్చినావు? పేర్లు సెప్పగలవా?"

"ఎవరికిచ్చినామో లెక్క పెట్టుకుంటే అది తోడు యట్లైతాదప్పా?"

సుబ్బన్న తల ఎత్తి ఆమెను చూశాడు. ఒక్క కుండలో పోస్తే అయిపోతుందనుకుని తెచ్చిన డబ్బా ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది. ఇప్పుడది అతనికే చాలా చిన్నదిగా కనపడి ఉండాలి.

మహమూదా కుండ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గది కాలిపోయినప్పటి నుంచి ఆమె ముఖంలో కనపడని వెలుగు ఇప్పుడు కనపడింది. "అక్కా, ఒక గ్లాసెడు నాకియ్యి. ఈ రాత్రికే ఆదోని పోయి మళ్ళా మొదలుపెట్టుకుంటా."

సర్దార్‌బీ చెంబు కింద పెట్టింది. కుండ మీద మూత పెట్టింది. మూత మీద అరచెయ్యి పెట్టింది.

"దీపం ముట్టించినాం కదమ్మా. పొద్దన తీసకపో."

దేవేంద్రప్ప నవ్వాడు. ఆ పొద్దున్నుంచి అతను ఎవరినీ ఎగతాళి చేయకుండా నవ్వింది అదే మొదలు. యూసుఫ్ సాబ్ కండువా దులిపి పంచలో పరుచుకున్నాడు. తెల్లవారే దాకా ఎక్కడికీ పోయేది లేదు. తల వాల్చితే చెవి పక్కనే కుండ. అందులో సన్నగా, ఆగకుండా, బుడబుడ.